కొసరు

నలభై ఒకటో పేజీ, కింది నుంచి ఆరో పంక్తి.
"ఇక్కడ మీరు రెండుతో భాగించారు."
పెన్సిలు గీత పక్కన ఇంతే రాశాడు
పేరు తెలియని పరీక్షకుడు.
తిట్టినా బావుండేది.

మూడేళ్ళు. రెన్ ఊళ్ళో మూడు శీతాకాలాలు,
సరిగా మూసుకోని కిటికీ, గోడకి ఆనించిన తడి సైకిలు.
రెండుతో భాగించవచ్చని ఒప్పుకుంటే
నా సిద్ధాంతం నిజమే. ఇప్పటికీ నిజమే.
భిన్నాల లోకంలో మెలికలు వాటంతటవే విడిపోతాయి:
నాలుగుతో గుణిస్తే సున్నా అయ్యేది ఏదైనా
అక్కడ ముందే సున్నా.
చిల్లర అప్పులన్నీ మాఫీ అయిన రాజ్యం అది.
నేను మాటిచ్చింది ఆ రాజ్యం గురించి కాదు.
పూర్ణాంకాల మీద అన్నాను.
శీర్షికలోనే అన్నాను.

సాయంత్రం రైలెక్కి, బస్సు మారి, కాంకాల్ చేరాను.
అజెనోర్ అత్త ఏమీ అడగలేదు.
రబ్బరు బూట్లు తెచ్చి నా ముందు పడేసింది.
తెల్లారేసరికి సముద్రం ఎక్కడికో వెనక్కి పోయింది;
బురదలో ఇనప బల్లలు, బల్లల మీద వల సంచులు,
సంచుల్లో ఆల్చిప్పలు.
ఒక్కోటీ ఎత్తి, దులిపి, తిరగెయ్యాలి.
తిరగెయ్యకపోతే వలకే అతుక్కుని పెరుగుతాయట,
ఏది వలో ఏది చిప్పో తెలియకుండా.

జాలకం అనే మాట మూడేళ్ళు రాశాను.
చేతికి తగలడం ఇదే మొదలు.
ఒకే నీళ్ళలో ఎన్ని వలలైనా పరచవచ్చు,
గాల్వా తిప్పుడికి ఏదీ చిరగకుండా;
రెండుతో శేషం తీసి చూస్తే మాత్రం
ఒక్కో వలలో ఒక్కో ముఖం.

షెడ్డులో ఏరడం. సున్నా నంబరు అన్నిటికన్నా పెద్దది,
ఐదో నంబరు బొటనవేలంత.
"అంకె పెరిగేకొద్దీ కాయ చిన్నది"
అంది అత్త, చంటిపిల్లకి చెప్పినట్టు.
నేను పనిచేసే చోటా అంతే అత్తా:
రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు,
గుణించేకొద్దీ సున్నాకి దగ్గరవుతాయి.
ఆమె వినడం లేదు. చప్పుడు వింటోంది.
ఒక చిప్పని ఇంకో చిప్పకి తాటిస్తుంది;
బోలుగా మోగింది చచ్చింది.

ఆదివారం రేవులో అమ్మకం.
డజను అడిగినవాళ్ళకి పదమూడు పెడుతుంది,
పుస్తకంలో పన్నెండే రాస్తుంది.
"ఆ కొసరు ఎక్కడికి పోతుంది మరి?" అన్నాను.
"ఎక్కడికి పోతుంది? లెక్కలో లేదు, కడుపులో ఉంది."

నిమ్మచెక్క పిండుతున్న చెయ్యి ఆగింది.

ఒకే కట్టడం. రెండు కిటికీలు.
ఒకటి గాల్వా నడిచే వీధిలోకి,
ఒకటి స్ఫటికాల వైపు, రెండే సున్నా అయిన నేల మీదికి.
రెండు కిటికీల్లోనూ మెలికలు సమానమని
నిరూపించబోయాను నేను.
అడ్డొచ్చినదాన్ని భాగించి తొక్కేశాను.
సమానం కాదు. స్ఫటికం వైపు
ఒకటి ఎక్కువ మిగలవచ్చు,
ఈ వీధి పుస్తకానికి ఎక్కనిది.
మిగలొచ్చు గాని, తగ్గదు.
అత్త ఏనాడూ పదకొండు పెట్టలేదు.

బిల్లు కాగితం వెనక, ఉప్పునీటి మరకల మధ్య,
సమానం గుర్తులో పై గీతని చెరిపి
కోణంగా వంచాను.
ఇది మరమ్మతో ఓటమో ఇంకా తెలియదు.
రెండు దగ్గర బరువు ఒకటి దాటిందా,
పాత పద్ధతులేవీ నిలవవు; అది వేరే భయం.
గట్టు మీద ఎవరో తిన్న చిప్పల్ని
ఒక్కొక్కటీ కిందికి విసురుతున్నారు.
లెక్కపెట్టకుండా ఉండలేకపోయాను.

"నీళ్ళు వచ్చేస్తున్నాయి" అని అరిచింది అత్త,
"ఆ చివరి వరస తిప్పలేదు నువ్వు."